కొబ్బరి మట్టల మంట మీద నానోవైర్లు

ఈదురుగాలికి స్తంభాలు పడి టెక్కలిలో మా కాలేజీకి కరెంటు పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. జింక్ ఆక్సైడ్ నానోవైర్లు పెంచడం నా పరిశోధన. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి తీగలవి. గాలిలో వాయువుల జాడ పట్టే సెన్సర్లకు పనికొస్తాయి. పూత వేసిన గాజుముక్కను మందునీళ్లలో బోర్లా ఉంచి, గంటల తరబడి ఒకే వేడిలో పెడితే దాని మీద మొలుస్తాయి. మొలిస్తే కదా! ఈసారి కూడా రాకపోతే అంశం మార్చుకోమన్నారు మా గైడు. గాజుముక్క ఒక్కటే మిగిలింది, కలిపిన మందేమో రేపటికి ఆగదు.

సీసా మూత బిగించి, సంచిలో పెట్టుకుని ఉద్దానంలో మా ఊరికి బస్సెక్కాను. పెరట్లో స్నానాల నీళ్లు కాచే పొయ్యి మీద, గిన్నెలో సీసా నిలబెట్టి థర్మామీటరు వేలాడదీశాను. అమ్మ పీట వేసుకుని కూర్చుంది. నేను చూపించిన గీతను వేడి దాటితే కొబ్బరి మట్ట వెనక్కి లాగేది, తగ్గితే ముందుకు తోసేది. నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తే ఒట్టు.

మధ్యాహ్నం మంచినీళ్ల బండి వస్తే బిందె పట్టుకుని వెళ్లాను. తిరిగొచ్చేసరికి అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"ఓలమ్మీ, పాడుసేసినానే! నీళ్లలాగున్నది పాలు ఇరిగినట్టు ఇరిగిపోనాది. మీ సారుకి నేనే సెప్తాను, నిన్నేటీ అనొద్దని."

సీసా కేసి చూశాను. తేటగా ఉన్న మందు తెల్లగా మబ్బుపట్టింది. లోపల జింక్ ఆక్సైడ్ పుడుతోంది! చంకలో బిందె ఉందన్న సంగతే మరిచి గంతేశాను. సగం నీళ్లు ఒలికి బట్టలన్నీ తడిసిపోయాయి.

"అలా ఇరగాలనేనమ్మా ఇన్నాళ్లూ ఏడుస్తన్నాను!"

"మరి ముందే సెప్పొద్దేటి?" అంటూ అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. అంత సంతోషంగా దెబ్బ తిన్నది నా జన్మలో అదొక్కసారే.

అయినా మైక్రోస్కోపు కింద చూసేదాకా నమ్మకం లేదు. గాజుముక్కను విశాఖపట్నంలోని ల్యాబుకు పంపాను. ఫోనుకు ఫొటో వచ్చినప్పుడు ఇద్దరం వాకిట్లోనే ఉన్నాం. అమ్మ తెర మీద రెండు వేళ్లు పెట్టి పెద్దది చేసింది. ఆరు పలకల తీగలు, ఒకదాని పక్కన ఒకటి.

"అన్నీ నిలబడ్డాయేటి?"

"నిలబడ్డాయమ్మా."

అమ్మ పెరట్లోకి వెళ్లి, వానకు తడిసిన మట్టల్ని ఎండలోకి లాగడం మొదలుపెట్టింది. కాలేజీకి కరెంటు వచ్చేసింది కదా అన్నాను.

"రానీయే. దాన్ని నమ్ముకుంటే మొన్నేటయినాది? రెండోసారికి ఇవి ఎండాల."