నేను కలపని మూడు నంబర్లు

"కలపలేదు" అన్న ఒక్క మాట ఆ రోజు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో పంజాగుట్టలో మ్యాపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఏదో పట్టణానికి నల్లా కనెక్షన్ల మ్యాపు చేస్తున్నాం. ఒక పట్టికలో మ్యాపు మీది ఇళ్లు, ఇంకోదాంట్లో యజమానుల పేర్లు. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఇంటి నంబరొక్కటే. మన ఇంటి నంబర్లో వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు ముక్కలుంటాయి కదా, అవి వేరువేరు గడుల్లో ఉండేవి. ముందు ఆ మూడింటినీ ఒకటిగా కలిపి, అప్పుడు పట్టికలు జోడించాలి.

యాదగిరిది నా పక్క సీటు, పని నేర్పింది నేనే. యూసుఫ్‌గూడలో ఇద్దరిదీ ఒకే గది. అతని ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. సాయంత్రం అమీర్‌పేటలో జావా క్లాసు. "జర నా ఫైలు చూడన్నా, గిట్ల పోయి గట్లొస్త" అని వెళ్లేవాడు. ఒకరి సిస్టంలో ఒకరం కూర్చోవడం మాకు మామూలే. అలా ఒక సాయంత్రం అతని ఫైల్లో తొందరపడి, మూడూ కలపకుండా చివరి ముక్క ఒక్కదాని మీదే జోడించేశాను. పన్నెండో నంబరు ఇల్లు ప్రతి వార్డులోనూ ఉంటుంది. మొదట దొరికిన పన్నెండో నంబరు యజమానినే సాఫ్ట్‌వేరు అన్నింటికీ అంటగట్టింది. ఖాళీ గడి ఒక్కటీ లేదు, అందుకే సరిగ్గా ఉన్నట్టే కనిపించింది. యాదగిరి తిరిగొచ్చి, ఇంకేవో సరిచేసి, తన పేరుతో పంపేశాడు.

వారంలో ఫైలు వెనక్కొచ్చింది. నాలుగు వార్డుల్లో ఒకే మనిషి పేరు. చూడగానే నాకు అర్థమైంది. మేనేజరు దగ్గరికి వెళ్లేముందు యాదగిరి నన్ను టీ బండి దగ్గర అడిగాడు.

"అన్నా, మూడు నంబర్లు కలిపినవ్ గదా?"

"కలిపాను. ఏంటి, నా మీదే డౌటా?"

"అయ్యో, నీ మీదనా! గట్లయితే నేనే యాడనో ఖరాబ్ చేసిన."

నమ్మాడు. లోపలికెళ్లి తప్పు తనదేనన్నాడు. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. క్లాసు మానేశాడు. నెలాఖరుకి గది కూడా వదిలేశాడు.

ఎందుకన్నాను ఆ మాట? భయమా? నాది పర్మినెంటు ఉద్యోగం, నిజం చెబితే నాలుగు తిట్లు పడేవి, అంతే. పని నేర్పినవాణ్ణయి ఉండి ఇంత చిన్న పొరపాటు చేశానని అతని ముందు ఒప్పుకోలేక, అతని చేతుల మీద అతనికున్న నమ్మకాన్నే తీసేశాను. ఉద్యోగం కంటే అది పెద్ద నష్టమని అప్పుడు తెలుసా నాకు? తెలుసనే అనుకుంటున్నాను.

పోయిన నెల వెతుక్కుంటూ వెళ్లాను. యూసుఫ్‌గూడలోనే అతని కర్టెన్ల షాపు. బిల్లులు కొట్టే కంప్యూటర్ ముందు అతని కూతురు కూర్చుని ఉంది.

"నేను దాన్ని ముట్టనన్నా," నవ్వాడు యాదగిరి. "నాకు అచ్చిరాదు. ఆనాడు జూసినవ్ గదా!"

అమ్మాయి కూడా వినేలా చెప్పాను. "నువ్వేం చెడగొట్టలేదు యాదగిరీ. ఆ తప్పు నాది. నీతో అబద్ధం చెప్పాను."

అతను కొలత టేపు చుట్టడం ఆపేశాడు.

"మూడూ కలపలేదు," అన్నాను. "నన్ను క్షమించు."