కేబుల్ కొసన ఉండాల్సిన బిరడా

మొన్న అటక సర్దుతుంటే పాత బిస్కెట్ల డబ్బాలో, అరచేతిలో ఇమిడే నల్లటి బిరడా ఒకటి దొరికింది. దాని సందుల్లో ఎండిన కుంకుమ ఇంకా అలాగే ఉంది. చూస్తే ఏమీ అనిపించలేదు. ఏడుపు వచ్చినా బాగుండేది. చాలాసేపు మడిచి కూర్చున్న కాలులా తిమ్మిరిగా ఉంది లోపల. కంప్యూటరంటే చెప్పులు విడిచి వెళ్లే చల్లటి గది అని మా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, ఆ గదిలో సంగతే ఇది.

ఎనభైల చివర నేను ఆదోని నుంచి రోజూ బస్సులో ఎమ్మిగనూరు వెళ్లి, ఒక చేనేత సొసైటీలో కంప్యూటర్ చూసుకునేవాణ్ణి. కంప్యూటర్, దాని పక్కన డిస్కు పెట్టె, ఆ పక్కన టేపు పెట్టె, మూడింటినీ కలుపుతూ వేలెడు లావు కేబుల్. దాన్ని స్కజీ అనేవారు. కేబుల్లో పోయే సంకేతం చివరిదాకా వెళ్లి, అక్కడ దాన్ని ఇముడ్చుకునేది లేకపోతే వెనక్కి తిరిగొచ్చి తర్వాతి సంకేతాన్ని చెరుపుతుందని, అందుకే రెండు కొసలా టెర్మినేటర్ ఉండాలని, నడుమ మాత్రం ఉండకూడదని హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు నేర్పాడు. ఒక కొసది కంప్యూటర్ లోపలే ఉంది. రెండో కొసకు, టేపు పెట్టె వెనక, వైరు లేని ఈ బిరడా. ఇది ఉత్త రెసిస్టర్లున్న పాసివ్ రకం, అందే కరెంటు తగ్గితే దాని పట్టూ సడలుతుంది. కొత్తగా వస్తున్న యాక్టివ్ రకంలో ఓల్టేజిని నిలకడగా ఉంచే చిప్పు ఉంటుందట.

ఆ సొసైటీకే గుంట మగ్గం నేసే మా మేనమామకు ఇదంతా చెబితే పకపకా నవ్వి, "పడుగు కొనకు ముడి ఎయ్యకుంటే నేత యాడుంటాదప్పా? ఇది సెప్పేకి హైదరాబాదు నుంచి రావల్నా?" అన్నాడు.

ఆ ఏడు సొసైటీ పాతికేళ్లు నేసినవాళ్లకు కాలనీలో ఇళ్లు ఇవ్వబోతోంది. ఎవరు ఎన్నేళ్లు నేశారో చెదలు తిన్న పుస్తకాలు చూసి నెలల తరబడి నేనే కంప్యూటర్లోకి పట్టికగా ఎక్కించాను. ఎక్కించడం అయిన పుస్తకాన్ని ఎప్పటికప్పుడు చిత్తుకాగితాలకు ఇచ్చేశారు. మామ అద్దె ఇంట్లో వానొస్తే మగ్గం గుంటలో నీళ్లు ఊరేవి, ఆయనకు ఆ ఇల్లు కావాలి.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మగ్గాలకూ సైకిళ్లకూ పెట్టినట్టే కంప్యూటర్‌కూ బొట్లు పెట్టాలి కదా అని, ఊడివచ్చేవన్నీ ఊడదీసి తుడిచాను. బిరడాకు కుంకుమ పెట్టి దేవుడి పటం ముందుంచి, తిరిగి తగిలించడం మరిచిపోయాను. మర్నాడు యంత్రం మామూలుగానే లేచింది. లేవకపోయినా బాగుండేది. పది రోజులపాటు డిస్కు మీద తప్పులు రాసుకుంటూ పోయి పట్టిక మొత్తం చెడగొట్టింది. రోజూ నకలు తీసే ఒక్కగానొక్క టేపూ అదే కేబుల్ మీద ఉంది కనుక అదీ చెడింది. ఇంజనీరు వచ్చి, టేపు పెట్టె వెనక తడిమి, నా మొహం చూశాడు. ఎవరికీ చెప్పలేదు. యాక్టివ్ రకం బిరడా బిగించి, పటం ముందున్న పాతదాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అందరినీ కూర్చోబెట్టి పట్టిక మళ్లీ రాశారు, ఎప్పుడు చేరాడో చెప్పేందుకు మనిషికి ఇద్దరు సాక్షుల చొప్పున. మామకు ఒకరే దొరికారు, రెండోవాడు అంతకుముందే చనిపోయాడు. మామ చేరింది నేను పుట్టిన ఏడే, అప్పటికి ఇరవై ఆరేళ్ల కిందట, ఆ సంగతి ఎక్కించింది ఈ చేతులే. నేను లేచి చెబితే సరిపోయేది. కానీ లేస్తే, యంత్రం ఎలా చెడిందని నలుగురూ అడుగుతారు, ఉద్యోగం పోతుంది. భయపడి కూర్చుండిపోయాను.

ఎందుకు లేవలేదని మామ నన్ను అడగలేదు. యంత్రం చెడిన కొత్తలో ఒకరోజు, కొసన ఉండే ముడి ఏమైందని ఆయన అడిగితే నేను తల దించుకున్నాను, అంతే. తన పేరు లేని కొత్త పట్టిక గోడకు అంటించిన సాయంత్రం బస్సు దాకా వచ్చి, "పోనీలేప్పా, నీ పని నిలిచినాది గదా" అన్నాడు. ఆ అద్దె ఇంట్లోనే పోయినాడు.

ఇప్పుడు మా అమ్మాయి డిస్కుకు సన్నటి వైరు, తగిలిస్తే చాలు, కొసల సంగతి లోపలే చూసుకుంటుందట. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. బిరడా మీద కుంకుమ తుడవబోయి, తుడవక డబ్బాలో పెట్టేశాను. ఎమ్మిగనూరు బస్సు ఇప్పటికీ ఆ కాలనీ మీదుగానే పోతుంది. నేను అటువైపు కిటికీ పక్కన కూర్చోను.