అటక కిటికీ

నాన్న ఉన్నంతకాలం అటక కిటికీ గురించి మా ఇద్దరికీ గొడవే. జల్లు కొట్టి ఆయన కలంకారీ చెక్క అచ్చులు తడుస్తాయని నేను మూసేదాన్ని, ఆయన తెరిచేవారు. కిందటేడు ఆయన పోయాక కిటికీకి రేకు కొట్టించి, అచ్చులన్నీ ప్లాస్టిక్ కవర్లలో కట్టిపెట్టాను.

ఈ రోజు, ఆయనతో కలిసి అద్దకం పని చేసిన కరీం మావయ్య చూస్తానంటే దించాను. కవర్ల లోపలంతా నీటి బొట్లు. నెమలి అచ్చు పట్టుకుంటే మెత్తబడిన తల ఊడి నా చేతిలోకొచ్చింది.

"కప్పు కారిందా మావయ్యా?"

"కారలేదమ్మా. గాలాడక లోపలి ఆవిరే నీరైంది. మీ నాన్న ఊరికే తెరిచి ఉంచేవాడా?"

ఆ తలని రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మీ అటక కిటికీ మూసి ఉంటే ఇప్పుడే వెళ్ళి తెరవండి. మా ఇంట్లో మాత్రం ఆ గొడవ నేనే గెలిచాను.