రికార్డు కీపరు శేషగిరిరావు పెట్టుకున్న దరఖాస్తు

నరసరావుపేట మునసబు కోర్టులో వెనకవైపు గది ఒకటుంది. పల్నాటి మొగుడూ పెళ్ళాల తగాదాలన్నీ ఎర్రగుడ్డల్లో మూటలై ఆ గదిలో విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి. వాటికి కాపలాదారు శేషగిరిరావు. ఏ కాగితం కావాలన్నా ఆయన కిటికీ ముందు నిలబడాల్సిందే. దావా నంబరు, సంవత్సరం, వాది పేరు, ప్రతివాది పేరు, కావలసిన కాగితమేదో, అన్నీ రాసి, స్టాంపు అంటించి దరఖాస్తు పెట్టాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది తిరిగొచ్చేది.

వచ్చేవాళ్ళకు మాత్రం నంబర్లు గుర్తుండవు. ఒకనాడు రొంపిచర్ల నుంచి రామాయమ్మ వచ్చింది. తన మనోవర్తి డిక్రీకి నకలు కావాలంది.

"మీ ఆయన పేరు?"

"పేరు చెప్పగూడదు గదయ్యా."

"దావా వేయొచ్చు గానీ పేరు చెప్పగూడదా?"

"దావా వకీలు చేత ఏయించా. పేరు నా నోటితో ఎట్టా చెప్పేది? అదిగో, ఆ కొండ మీదుండే సామి పేరే."

"కోటయ్య. ఏ సంవత్సరం?"

"గొడ్లకు గాలికుంటొచ్చి చానా చచ్చినయ్యే, ఆ ఏడు."

శేషగిరిరావు లేచి, నిచ్చెనెక్కి, మూడో అరలోంచి మూట దించాడు. ఏ ఊళ్ళో గొడ్లెప్పుడు చచ్చాయో, మిరప ఎప్పుడు ఎండిపోయిందో, ఏ ఏడు కలరా వచ్చిందో, ఆయన తలలో వరసగా ఉండేవి. మనుషులు తమ కష్టాలను అంకెలతో గుర్తుపెట్టుకోరన్నది ఆయన సర్వీసులో గ్రహించిన పరమసత్యం. తనకు మాత్రం ఒక అంకె గుర్తుండేది. 1934లో 217వ నంబరు దావా. వాది శేషగిరిరావు. ప్రతివాది ఆయన భార్య సరస్వతమ్మ.

సరస్వతమ్మ పది రోజులుండి వస్తానని నాదెండ్లలో పుట్టింటికి వెళ్ళి మూడు నెలలైనా రాలేదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. అసలు మాట్లాడుకుంటే గదా తిట్టుకునేది! ఉన్న మాటలన్నీ ఆయన కిటికీ దగ్గరే ఖర్చుపెట్టి ఇంటికి వచ్చేవాడు. వెళ్ళి పిలుచుకురారాదా అని పెద్దలన్నారు. శేషగిరిరావు దీర్ఘంగా ఆలోచించాడు. నోటిమాటకు నంబరుండదు, తేదీ ఉండదు, రేపు కాదన్నా దిక్కుండదు. కాబట్టి భార్యను కాపురానికి రప్పించమని దావా వేశాడు. నాదెండ్లకు ఆయనకు బదులు కోర్టు అమీనా వెళ్ళాడు, సమను పట్టుకుని.

విచారణనాడు ఆమె వచ్చింది. సరిగ్గా బోనెక్కే వేళకు మునసబుగారికి ఏదో పాత రికార్డు అవసరమైంది. శేషగిరిరావు నిచ్చెనెక్కాడు. దిగి వచ్చేసరికి ఆమె వాఙ్మూలం చెప్పి వెళ్ళిపోయింది. డిక్రీ ఆయనకే వచ్చింది. ఆమె మాత్రం నాదెండ్లలోనే ఉండిపోయింది. భార్యను జప్తు చేసి తెచ్చే విధానం చట్టంలో లేదు.

అప్పటి నుంచి ఆమె మాటలు ఆయన కుర్చీకి మూడు బారల దూరంలో మూటలో ఉన్నాయి. ఆయన విప్పలేదు. ఉత్తర్వు లేనిదే రికార్డు కీపరు రికార్డు విప్పకూడదు. రోజూ సాయంత్రం తాళం వేసి ఇంటికి వెళ్ళి, అక్కడ తాళం తీసి, ఒక్కడికే వండుకుని తినేవాడు. పన్నెండేళ్ళు.

పన్నెండేళ్ళు నిండిన కాగితాలను తగలబెట్టాలని రూలు. 1946లో ఆ జాబితా తన గుండ్రటి అక్షరాలతో తనే రాస్తూ, నలభై ఒకటో వరసలో తన 217వ నంబరు దగ్గర ఆగాడు. డిక్రీలు కాల్చరు, వాఙ్మూలాలే కాలుస్తారు. గెలిచిన కాగితం ఉంటుంది, ఆమె మాట పోతుంది. కాల్చడానికి ఇంకా పది రోజులే గడువు.

నకళ్ళు రాసే గుమాస్తా ఇమాం సాహెబు అది చూశాడు. "పంతులుగారూ, మూట మీ చేతిలోనే ఉండె. ఇప్పి చదూకుంటే అడిగేదెవరండీ?"

"రికార్డు కీపరు చదవకూడదు. వాది చదవొచ్చు. వాది ఇంకా దరఖాస్తు పెట్టుకోలేదు."

"ఆ వాది ఏడున్నాడో!"

"వస్తాడు. భోజనం గంట కొట్టనీ."

గంట కొట్టాక శేషగిరిరావు బయటికి వెళ్ళి, జనంతోపాటు వరసలో నిలబడి, ఖాళీ కుర్చీ ముందున్న కిటికీలోంచి దరఖాస్తు లోపల పెట్టాడు. తర్వాత లోపలికి వచ్చి దాన్ని పరిశీలించి, వాది తండ్రి పేరు లేదని తిప్పి పంపాడు. మర్నాడు మళ్ళీ పెట్టాడు.

ఇమాం సాహెబు నకలు రాసిచ్చాడు. మునసబుగారు అంతా ఇంగ్లీషులో రాసుకున్నారు. సాక్షికి అన్నవస్త్రాలకు లోటు లేదు. సాక్షిని భర్త కొట్టలేదు. చివర ఒక్క ముక్క మాత్రం, ఆయనకు ఇంగ్లీషు చాలలేదేమో, తెలుగులోనే ఉంది: "మా ఆయనొచ్చి గుమ్మంలో నిలబడి రా అంటే ఈ పూటే పోతా. కాయితం పంపిస్తే రాను."

శేషగిరిరావు సెలవు పెట్టాడు. సర్వీసులో అది మొదటిది. బొగ్గుతో నడిచే బస్సెక్కి నాదెండ్ల వెళ్ళాడు.

సరస్వతమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. జుట్టు సగం నెరిసింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"రా," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇంటికి."

ఆమె చేతిలోని పిక్క చాటలో పడేసింది. "ఎవరు చెప్పారు మీకు?"

"నకలు తీసుకున్నా."

"అయ్యో రామ! దానికీ దరఖాస్తేనా?" నవ్వబోయింది. లోపల నుంచి దగ్గు వినిపించింది. "అమ్మ మంచాన పడి నాలుగేళ్ళయింది. నేను లేస్తే గంజి పోసేదెవరు? అప్పుడొచ్చుంటే చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేదాన్ని."

ఆయన ఆ గడి ఖాళీగా వదిలి వెనక్కి తిరగబోయాడు.

"అన్నం తిని పొండి. బస్సుకు ఇంకా పొద్దుంది."

తిన్నాడు. ఆమె వడ్డించింది. అడగకుండానే మజ్జిగ పోసింది. బస్సెక్కాక వెనక్కి చూస్తే వాకిట్లో చింతపండు చాట ఒక్కటే కనిపించింది.

పదో రోజున కాగితాలు కాల్చారు. నలభై ఒకటో వరస దగ్గర శేషగిరిరావే టిక్కు పెట్టాడు. తర్వాత నకళ్ళ రిజిస్టరు తీసి, "నకలు ముట్టినది" అన్న చోట వాదిగా సంతకం చేశాడు. చివరి గడి ఇంకా ఖాళీగా ఉంది: ఆలస్యమునకు కారణము. స్టాంపు చాలలేదనో, గుమాస్తాకు జ్వరమనో అందులో రాయడం రివాజు.

కలం సిరాలో ముంచి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: "వాది స్వయముగా హాజరు కానందున."