రాజవ్వ స్పానిష్ కార్డులు

1963 ఎండాకాలం. మంచిర్యాల రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో, గూనపెంకుల కిరాయి ఇంట్లో మా శాఖా గ్రంథాలయం ఉండేది. రెండు గదులు, నాలుగు బీరువాలు, పేపర్లు చదువుకునే పొడుగు బల్ల ఒకటి. దానికి లైబ్రేరియన్నీ గుమస్తానీ తాళాలు తీసేవాణ్నీ నేనే. నిజాం కాలపు ఉర్దూ మీడియంలో మెట్రిక్ దాకా చదివాను. మిగిలిందంతా ఆ బీరువాల్లోంచి నేర్చుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు.

లైబ్రేరియన్ ఉద్యోగంలో మొదటి పాఠం అక్సెషన్ రిజిస్టర్. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక నంబరు, ఒక వరుస ఉంటాయి. వరుస చివర రిమార్కుల గడి ఉంటుంది. అట్ట చిరిగినా పేజీలు పోయినా ఆ గడిలో రాయాలి. రేపు పుస్తకం పట్టుకెళ్లే పాఠకుడికి అది మనం ఇచ్చే హామీ లాంటిది.

బొగ్గు గనుల్లో పనిచేసి స్వదేశం వెళ్లిపోతున్న ఒక దొర, అంతకు రెండేళ్ల ముందు మాకు ఒక పెట్టెడు పుస్తకాలు ఇచ్చి పోయాడు. అంతకు ముందు ఆయన దక్షిణ అమెరికా గనుల్లో పనిచేశాడట. పెట్టె అడుగున, ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునే పుస్తకం ఒకటి ఉంది. మొదటి పన్నెండు పేజీలు చెదలు తినేశాయి. పదమూడో పేజీ నుంచి పాఠాలు శుభ్రంగా ఉన్నాయి. పోయినవి ముందుమాటలే అయి ఉంటాయి, ముందుమాటలు ఎవరు చదువుతారు అనుకున్నాను. రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాను.

ఆ పుస్తకాన్ని ఎవరూ తీసుకెళ్లలేదు, అందుకని నేనే చదివాను. దాని పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే, పాఠకులు లేని మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. ఒక్కొక్క మాటను బట్టీ పట్టనివ్వదు. ఒక ధాతువు ఇస్తుంది, దానికి తగిలించే ప్రత్యయాలు ఇస్తుంది, ఇక నువ్వే కట్టుకో అంటుంది. రొట్టె పాన్. రొట్టెలు కాల్చేవాడు పనదేరో. రొట్టెల దుకాణం పనదెరీయ. ఉర్దూ బడిలో చదివినవాడికి ఇది కొత్తేమీ కాదు. దుకాణ్‌దార్, చౌకీదార్ అన్నప్పుడు చివరి ‘దార్’ ఎట్లాంటిదో ఈ ‘ఏరో’ అట్లాంటిది. దవాఖానా, పుస్తకాలుండే కుతుబ్‌ఖానాల్లో ‘ఖానా’ చేసే పనిని అక్కడ ‘ఎరీయ’ చేస్తుంది. నూరు ధాతువులు, ఇరవై ప్రత్యయాలు చేతిలో ఉంటే రెండు వేల మాటలు చేతిలో ఉన్నట్టేనని లెక్క కట్టుకుని మురిసిపోయాను.

ఆ మురిపెం నాలోనే ఉండిపోయేది, రాజవ్వ రాకపోతే.

రాజవ్వ పద్మశాలి ఇంటి కోడలు. సుల్తానాబాద్‌లో నూలు దొరకక మగ్గం వారంలో సగం రోజులు ఖాళీగా ఉంటుంటే, భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో మంచిర్యాల వచ్చారు. ఆమె గోదావరి దారిలో ఉన్న మిషన్ దవాఖానాలో ఆయాగా చేరింది. సూదులు ఉడకబెట్టడం, గుడ్డలు ఉతకడం ఆమె పని. ఆ దవాఖానా స్పెయిన్ దేశపు సిస్టర్లది. అక్కడ ఒక్కరే ఉండి, అందరితో తెలుగులోనే మాట్లాడే పెద్ద సిస్టర్ ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిపోతున్నారు. ఆమె స్థానంలో వచ్చే డాక్టర్ సిస్టర్‌కు తెలుగు రాదు, ఇంగ్లీషు కూడా అంతంత మాత్రం.

ఒక సాయంత్రం రాజవ్వ మా గడప బయటే చెప్పులు విడిచి నిలబడింది.

“సారూ, సిస్టరమ్మలు మాట్లాడే భాష నేర్చుకునే పుస్తకం మీ తాన ఉన్నదా?”

ఎందుకని అడిగితే సంగతి చెప్పింది. రోగి బాధను డాక్టరమ్మకు చెప్పగలిగే మనిషి కావాలి. రాజవ్వకు ఒక నెల గడువు ఇచ్చారు. ఆమె వల్ల అయితే వార్డులో ఖాయం చేస్తారు. కాకపోతే సికింద్రాబాద్ నుంచి నర్సును పిలిపిస్తారు, అప్పుడు ఆయా పని కూడా ఆ నర్సు కిందికే పోతుంది. ఇద్దరిని పెట్టుకునే తాహతు ఆ చిన్న దవాఖానాకు లేదు.

పుస్తకం ఇంగ్లీషులో ఉందనీ, ఏడో తరగతి చదివిన ఆమెకు అది కొరుకుడు పడదనీ చెప్పాను.

“ఏబీసీడీలు వస్తయి సారూ. మీరు చదువుండ్రి, నేను వింట.”

రెండేళ్లుగా లోపల దాచుకున్న చదువును ఒకరు వింటానన్నారు. కాదనడానికి నేనెవణ్ని?

మర్నాటి నుంచి రోజూ దవాఖానా మూశాక గంటసేపు పాఠం. పుస్తకాల పేర్లు రాసి పెట్టుకునే చిన్న అట్టముక్కలను కేటలాగ్ కార్డులంటాం. పాతబడి తీసేసిన వాటి వెనక నేను పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్క ధాతువు రాశాను, సన్నటి ముక్కల మీద ప్రత్యయాలు రాశాను. కార్డు పక్కన ముక్క పెడితే మాట తయారు. కాల్చు అనే ధాతువు ‘క్వెమ’. దానికి ‘దుర’ కలిస్తే ‘క్వెమదుర’, కాలిన గాయం. కుట్టు అనే ధాతువుకు అదే ‘దుర’ తగిలిస్తే తేలు కాటు. కరుచు అనేదానికి తగిలిస్తే కుక్క కాటు.

“అంటే మన కాలుడు, కుట్టుడు, కరుసుడు లెక్కనే,” అంది రాజవ్వ, కార్డులు జరుపుతూ. రెండు రోజులయ్యాక ఇంకో మాట అంది. “గిది అచ్చు అతుకుడే సారూ.”

నాకు మగ్గం సంగతి తెలియదు. ఆమె వివరించింది. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పడుగు, అయిపోయినప్పుడు దువ్వెనలాంటి అచ్చులో ఉన్న పోగులను పూర్తిగా లాగెయ్యరు. పాత కొసలను అట్లాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. లేకపోతే మళ్లీ వేల పోగులను అచ్చులోకి ఎక్కించుకోవాలి. ప్రత్యయాలు అచ్చులో మిగిలిన కొసలు, ధాతువులు కొత్త పడుగు. నా పుస్తకంలో ఇరవై పేజీలు పట్టిన సంగతి ఆమె కార్డు మీద వేలు పెట్టి ఒక్క మాటలో తేల్చేసింది.

నెల తిరిగేలోపు ఆమె దగ్గర బొత్తెడు కార్డులు చేరాయి. వాటికి నూలు దారం చుట్టి కొంగుకు ముడివేసుకునేది. ఏ కార్డు అడిగినా తడుముకోకుండా చెప్పేది, రాసేది. పూర్తిగా వచ్చేదాకా పెద్ద సిస్టర్ ముందు నోరు విప్పొద్దని నేనే చెప్పాను.

పెద్ద సిస్టర్ ఒక శనివారం రైలెక్కారు, డాక్టర్ సిస్టర్ ఆ మర్నాడు దిగారు. సోమవారం మా గ్రంథాలయానికి సెలవు. శిష్యురాలి విజయం చూడాలని సైకిల్ మీద దవాఖానాకు వెళ్లాను. నిజం చెప్పాలంటే నా విజయం చూసుకోవాలని వెళ్లాను. డాక్టర్ సిస్టర్‌ను పలకరించడానికి రాత్రంతా కూర్చి పెట్టుకున్న స్పానిష్ వాక్యం ఒకటి నా దగ్గర ఉంది. మీ రాక ఈ ఊరికి సంతోషం అని దాని అర్థం. చేతులు జోడించి, తప్పు లేకుండా అప్పజెప్పాను.

ఆమె శ్రద్ధగా విని, నొచ్చుకున్నట్టుగా నవ్వి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో అన్నారు. “క్షమించండి. నాకు తెలుగు రాదు.”

రాజవ్వ నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

అంతలోనే బొగ్గు గని కాలనీ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. అన్నం వారుస్తుంటే మరిగిన గంజి చేతిమీద ఒలికి మూడు రోజులైందట. మోచేయి నుంచి వేళ్ల దాకా నల్లగా, అట్టకట్టి ఉంది. డాక్టర్ సిస్టర్ చేయి చూసి ముఖం మార్చుకున్నారు. “హైదరాబాద్. పెద్ద ఆసుపత్రి,” అని నాతో ఇంగ్లీషులో అని, చేయి పోవచ్చని అరచేతి అంచుతో మోచేతి దగ్గర గీత గీసి చూపారు. ఆ గీతకు తెలుగు చెప్పనక్కర్లేదు. ముసలమ్మ లేచి నిలబడింది.

“చెయ్యి కోస్తరా? నేను ఇంటికి పోత. గీ చేతులతోనే సస్త.”

వెళ్లిపోతే మళ్లీ రాదని మాకు తెలుసు. రాజవ్వ ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టి మెల్లగా అడిగింది. “అవ్వా, దీనికేం రాసినవ్?”

“ఏం రాయలే.”

ఆ దవాఖానాలో అందరూ అదే చెప్పేవారు. ఇంటి మందు రాసుకుని వస్తే పెద్ద సిస్టర్ కోప్పడేవారు కాబట్టి, నల్లగా కనబడుతున్నా, వాసన కొడుతున్నా, ఏమీ రాయలేదనే అనేవారు.

“నేను సిస్టరమ్మను గాదు, తిట్టను,” అంది రాజవ్వ. “మా అత్త గూడ రాస్తది. మంచినూనెలనా, ఆముదంలనా?”

ముసలమ్మ గోడవైపు ముఖం తిప్పి చెప్పింది. “ఆముదంల బొగ్గు నూరి రాసిన. ఎవలు రాయరు, చెప్పు?”

రాజవ్వ డాక్టరమ్మవైపు తిరిగి స్పానిష్ అందుకుంది. కాలిన గాయం, నూనె, బొగ్గు, కుళ్లు కాదు అని పొడుగు వాక్యం. నేను నేర్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. రాజవ్వ గొంతు పెంచి మళ్లీ చెప్పింది. ఫలితం లేదు. నేను ఇంగ్లీషులో కల్పించుకున్నాను. నా ఇంగ్లీషు కూడా పుస్తకాలదే, ఆమె ఇంగ్లీషు పది మాటలది. ఆమె అప్పటికే హైదరాబాద్‌కు చీటీ రాయడం మొదలుపెట్టారు.

రాజవ్వ కొంగు ముడి విప్పి, నూలు దారం తెంపి, కార్డులను బల్లమీద పరిచింది. కాల్చు అనే కార్డు తీసి డాక్టరమ్మ రాస్తున్న చీటీ మీదే పెట్టింది. దాని పక్కన ‘దుర’ ముక్క అతికించినట్టుగా జరిపింది. తరువాత నూనె కార్డు, ఆ తరువాత బొగ్గు కార్డు. చివర ఆ నల్లటి చేతిని వేలితో చూపించింది.

డాక్టరమ్మ కలం ఆగింది. మొదటి కార్డునూ ముక్కనూ కలిపి గట్టిగా చదివారు. “కెమదూర!”

ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. రెండేళ్లుగా నా నోట నలిగిన ‘క్వెమదుర’కు దానికి చుట్టరికం కూడా లేదు. నూనెకు నేను ‘అసైట్’ అని నేర్పాను. ఆమె ‘అథేయితె’ అన్నారు.

గోరువెచ్చని నీళ్లు, సబ్బు, దూది తెప్పించారు. అరగంట పాటు నల్లదనం పొరలు పొరలుగా వదిలింది. కింద ఎర్రటి పచ్చి చర్మం, కొన్ని చోట్ల చీము కనబడ్డాయి. కానీ మాంసం చావలేదు. డాక్టరమ్మ సైగ చేసినట్టు ముసలమ్మ వేళ్లు ఒక్కొక్కటిగా ముడిచి తెరిచింది. డాక్టర్ సిస్టర్ హైదరాబాద్ చీటీని నాలుగు ముక్కలు చేశారు. మూడు వారాలు కట్లు కట్టించుకుని, అదే చేత్తో ముసలమ్మ మళ్లీ గంజి వార్చింది.

ఆ రోజు మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక డాక్టరమ్మ ఒక్కొక్క కార్డూ ఎత్తి పలికారు, రాజవ్వ తిరిగి పలికింది. నేను రోగుల బెంచీ మీద కూర్చుని, ప్రతి కార్డు మీద అసలు ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాశాను. చేతి రాతకు చోటు చాలని కార్డుల మీద అంచుల్లో కూడా రాయాల్సి వచ్చింది.

తిరిగి వచ్చే దారిలో రాజవ్వ అంది. “సారూ, మీరు నేర్పిన భాష దునియల ఎవ్వరు మాట్లాడరనుకుంట.”

“మాట్లాడతారు,” అన్నాను. “మనిద్దరం.”

ఆమె నవ్వు రైలు గేటు దాకా ఆగలేదు.

నెల చివర ఆమెను వార్డులో ఖాయం చేశారు. తరువాత ఏళ్లలో ఎప్పుడు గ్రంథాలయానికి వచ్చినా, కొత్త పుస్తకం తెచ్చిండ్రా, దాన్ని మాట్లాడేటోళ్లను తెచ్చిండ్రా అని అడిగేది.

పుస్తకాల చదువు వట్టిదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ రోజు బల్లమీద చేయి కాపాడింది కార్డులే. కానీ చెదలు తిన్న ఆ పన్నెండు పేజీలు ముందుమాటలు కావని, మాటలను ఎట్లా పలకాలో చెప్పిన పేజీలని నాకు ఆ గదిలోనే అర్థమైంది. ఇంకొకటి కూడా. రోగి ఒప్పుకోనిదాన్ని ఎట్లా అడగాలో రాజవ్వకు తెలుసు. ‘మంచినూనెలనా, ఆముదంలనా’ అన్న ఆ ప్రశ్న నేను రాసిచ్చిన ఏ కార్డు మీదా లేదు. పుస్తకంలో అన్ని పేజీలూ ఉన్నా అది అందులో దొరికేది కాదు.

దవాఖానా నుంచి వచ్చిన మర్నాడు గ్రంథాలయం తెరవగానే అక్సెషన్ రిజిస్టర్ తీశాను. రెండేళ్లుగా ఖాళీగా ఉన్న రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో రాశాను: మొదటి పన్నెండు పేజీలు లేవు. తెలిసినవారిని అడిగి చదవవలెను.