చాయ్‌పత్తి భాయ్

కరీంనగర్‌లో చాయ్‌పత్తి అమ్మే భాయ్ ఒకాయన ఉండేవాడు. ఆకు మన అరచేతిలో పోసి వాసన చూపించందే తూకం వేసేవాడు కాదు.

మా ఆయన పోయాక బతుకుదెరువుకని బట్ట నేసే సాంచాల షెడ్డు ముందు చాయ్ కొట్టు పెట్టాను. ధర ఎక్కువైతే రుచీ ఎక్కువే అనుకుని, భాయ్ దగ్గర గ్రీన్ టీ తెచ్చి పాలల్లో మరగబెట్టాను.

"గడ్డి ఉడకబెట్టినవా అక్కా?" అని నేతగాళ్లు లేచిపోయారు.

భాయ్ మీదికి కొట్లాటకు పోయాను.

"రెండూ ఒక్క చెట్టు ఆకే అక్కా. నల్లదాన్ని నలిపి మాగబెడ్తరు, పాలకు ఆగుతది. పచ్చదాన్ని మాగనియ్యరు, దానికి ఉత్త నీళ్లే."

"మొన్ననే చెప్పద్దా?"

"చెప్పిన. నాకే నేర్పుతవా అన్నవు."

అన్నాను మరి.

తెల్లారి నల్లాకుతో చాయ్ పెట్టాను. భాయే వచ్చి అందరి ముందు తాగాడు. "మస్తున్నది, ఇంకోటి పొయ్యి!" అని అరిచాడు. నేతగాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. వాళ్లకు పోసేముందు ఒక గుక్క తాగి చూశాను. చక్కెరే వెయ్యలేదు.