పై పళ్లు ముందొచ్చిన పాప

మా చెల్లెలి కూతురికి పళ్లు మొలిచిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. కాలేజీ వదిలాక వనపర్తి బజారులో నడుస్తూ ఉన్నాను.

"అన్నా, పాపకు పండ్లొచ్చినయ్."

"మంచిదే గద! ఆదివారం వస్త, చూస్త."

చెల్లెలు గొంతు తగ్గించి చెప్పింది. "పైవి ముందొచ్చినయన్నా. అట్లొస్తే మేనమామకు మంచిది కాదంటున్నరు. శాంతి చేపించేదాంక నువ్వు పాప మొఖం చూడొద్దంట."

నాకు నవ్వొచ్చింది. నేను కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో పనిచేస్తాను. సీసాల్లో ఉన్న కప్పలను తుడిచి బీరువాలో సర్దడం నా పనుల్లో ఒకటి. "కప్పకు పై దవడకే పండ్లుంటయ్. మరి కప్పల మేనమామలంత ఏమైండ్రు?" అన్నాను.

చెల్లెలు నవ్వలేదు. "నాకు నువ్వొక్కనివే ఉన్నవ్ గదన్నా" అంది.

అమ్మానాన్నలు పోయారు. నేను పెళ్లి చేసుకోలేదు. చెల్లెల్ని నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లెలో వ్యవసాయదారుల ఇంటికి ఇచ్చాం. నాకూ ఆమె ఒక్కతే. శాంతి ఎంతసేపటి పని, ఒక నెలలో అయిపోతుందిలే అనుకున్నాను.

అవలేదు. పత్తి ఏరడం అయ్యాక చూద్దామన్నారు. పత్తి ఏరేలోపే వాళ్లింట్లో ఒక పెద్దాయన పోయారు. ఏడాది దాకా ఇంట్లో ఏ కార్యమూ చేయకూడదన్నారు. ఆ తర్వాత మంచిరోజు కుదరలేదు. ఏదో ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి వాకిట్లో నిలబడితే నన్ను ఎవరూ గెంటేసేవారు కాదు. కానీ ఆ తర్వాత నాకు చిన్న జ్వరం వచ్చినా చెల్లెలికి కంటిమీద కునుకుండదు. అందుకే వెళ్లలేదు.

వీడియో కాల్‌లో కూడా పాప ముఖం చూడకూడదని వాళ్ల అత్తగారు అన్నారట. చెల్లెలు ఫోను కిందికి తిప్పి పాప కాళ్లు చూపించేది. బోర్లాపడి తన్నుకునే కాళ్లు, గోడ పట్టుకుని నిలబడ్డ కాళ్లు, వాకిట్లో మట్టి అంటిన కాళ్లు. ఆ పాపకు నడక వచ్చింది నేను అలాగే చూశాను. పుట్టినరోజుకు గౌను కొనడానికి వెళ్తే, పిల్ల ఎంతుందని దుకాణంలో అడిగారు. ఏం చెప్పాలో తెలియక చేత్తో గాలిలో ఓ ఎత్తు చూపించాను. గౌను పొట్టిదైంది.

ఆదివారాలు బట్టలు ఉతుక్కుని, హోటల్లో తిని, గదికొచ్చి ఆ ఫోను కోసం చూసేవాణ్ణి. గోడ అవతలి ఇంట్లో పిల్లలు అరుచుకుంటుంటే కిటికీ మూయబుద్ధయ్యేది కాదు.

పాపకు రెండేళ్లు దాటాక ఒక పొద్దున చెల్లెలు ఏడుస్తూ ఫోను చేసింది. "పాప మూతి వాచిందన్నా. ముందలి పండ్లు నల్లగైనయ్. చిగురు మీద చీము పొక్కు లేసింది. అన్నం ముడుతలేదు. వాళ్ల నాన్న గద్వాల దిక్కు విత్తనపత్తి పనికి పోయిండు. నాకేం తోస్తలేదు."

"మా కాలేజీ వెనక వీధిల పిల్లల పండ్ల డాక్టరమ్మ ఉంది. మొదటి బస్సుకు తీస్కరా."

"మరి నువ్వు?"

"నేను బయట నిలబడతలే."

బస్టాండులో వాళ్లు దిగగానే నేను వాళ్లకు ముందు నడిచాను. పాప నా వెనక, చెల్లెలి భుజం మీద ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటూ, తల తిప్పకుండా, ఆ వీధంతా నడిచాను. ఆసుపత్రి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి పక్కకు నిలబడ్డాను.

లోపల పాప నోరు తెరవలేదు. చెల్లెలు పట్టుకోబోతే విదిలించుకుని తన్నింది. డాక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చారు. "మీరు పాపకేమైతరు?"

"మేనమామను."

"మరి బయట నిలబడ్డరేంది? రాండ్రి, కూసోండ్రి."

నేను చెల్లెలి వంక చూశాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, పాపను నా ఒళ్లో కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ తన కుర్చీ నాకెదురుగా లాక్కుని మోకాళ్లకు మోకాళ్లు ఆనేలా కూర్చున్నారు. పాప కాళ్లు నా నడుముకు రెండు పక్కలా పెట్టించి, మెల్లగా వెనక్కి వాల్చి, తల తన ఒళ్లోకి తీసుకున్నారు. చిన్నపిల్లల నోరు చూడటానికి అదే పద్ధతట. అలా పడుకుంటే పిల్లకు ఎదురుగా కనిపించేది పట్టుకున్న మనిషే. ఏడ్చి ఎర్రబడిన కళ్లతో పాప నన్ను చూసింది. ముక్కు మా నాన్నది. నా చొక్కా బొత్తాం పట్టుకుని గుంజితే అది తెగి ఆమె పిడికిట్లోకి పోయింది.

"పండుకునేటప్పుడు పాలసీసా ఇస్తరా అమ్మా?" డాక్టరమ్మ అడిగారు.

"ఇస్తం మేడం, చక్కెరేసి. సీసా నోట్ల లేకుంటే పండుకోదు."

"పండ్లెట్ల తోముతరు?"

చెల్లెలు తల వంచుకుంది. "కింది పండ్లు వేలుతోని తుడుస్త. పైవి ఎవ్వరం ముట్టలేదు. దోషమన్నరు."

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఏవి ముందొచ్చినా ఒక్కటేనమ్మా. తీపి పాలు పండ్లకు పట్టుకునుంటే గిట్లైతది. సీసా మెల్లగ మాన్పియ్. పొద్దున, మాపు బియ్యపు గింజంత పేస్టు పెట్టి మీరే తోమాలె" అన్నారు. వాపు తగ్గడానికి మందు రాసిచ్చి, తగ్గాక మళ్లీ రమ్మన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు, ముందొచ్చి నల్లబడ్డ ఆ రెండు పై పళ్లూ తీసేయక తప్పలేదు. పాపను పట్టుకున్నది నేనే. ఇక అక్కడ అసలు పళ్లు ఏడేళ్లప్పుడు వస్తాయట.

ఆ వారంలోనే చెల్లెలి అత్తగారు నాకు ఫోను చేశారు. "నాయనా, ఆ పండ్లు పోయినయి గద, ఇగ దోషం లేదు. నువ్వు రా, ఇంత అన్నం తిని పో."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వస్తనత్తమ్మా" అన్నాను.

ఆదివారం వెళ్లాను. వాకిట్లో ఆడుకుంటున్న పాప నన్ను చూడగానే రెండు చేతులతో నోరు మూసుకుని లోపలికి పరుగెత్తింది. ఆమెకు నేను మామను కాను, పళ్లు తీస్తుంటే కదలకుండా పట్టుకున్న మనిషిని. బిస్కెట్లు తెచ్చానన్నా రాలేదు. "పెద్దగైతే తెలుస్తదిలే అన్నా" అంది చెల్లెలు, విస్తరి వేస్తూ.

తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను. నేనున్నంతసేపూ పాప తలుపు చాటునే ఉండేది. మొన్న నేను బయల్దేరుతుంటే తల్లి కొంగు చాటునుంచి ఒకడుగు ముందుకొచ్చి, నోరు పెద్దగా తెరిచి, ఖాళీ చిగురు మీద వేలు పెట్టి చూపించింది.

"లేవు" అంది. "పోయినయ్."

అది నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట. "అవును బిడ్డా, లేవు" అన్నాను. దగ్గరికి వెళ్తే మళ్లీ నోరు మూసుకుంటుందని, అక్కణ్ణుంచే చేయి ఊపి, బస్సుకు నడిచాను.